ఆరనీ

మా చీమకుర్తిలో ఒంటిగంటకి సైరన్ మోగుతుంది.
కొట్టు ముందు టీ తాగే అరచేతులన్నీ
గ్లాసులకి మూతలవుతాయి.
తర్వాత నేల కింద ఒక దగ్గు,
తర్వాత దుమ్ము.
ఇరవైరెండేళ్ళుగా నా కుడిచేతికి
ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ చేత్తోనే సూట్‌కేసు పట్టుకుని
సారయేవోలో దిగాను నవంబరు చలిలో,
డ్రిల్లర్ మాలకొండయ్య అరువిచ్చిన మంకీ క్యాపుతో.
పని చిన్నది.
మేం పంపిన నలభైరెండు పలకల్లో
పగుళ్ళున్నాయని ఉత్తరం రాశారు.
లేవని చెప్పి రావాలి.

కారులోంచి చూస్తే కొండవాలు నిండా తెల్లరాళ్ళు,
నిలువునా, వరసలు వరసలుగా.
"ఏ క్వారీ?" అన్నాను.
రాళ్ళపనోడి బుద్ధి యాడికి పోద్ది.
యాస్నా బండి నెమ్మది చేసింది.
నా ఈడుదే ఉంటుంది.
"మా క్లాసువాళ్ళు," అంది.

తర్వాత గోడలు.
రంధ్రాలు చదవడం నా కూడు.
మా దగ్గర డ్రిల్లు దిగితే
జానెడుకొకటి, ఒకే లోతు, దారం పట్టినట్టు.
ఆ లైను మాట విని రాయి విడిపోతుంది.
ఇక్కడ లైను లేదు.
కిటికీల చుట్టూ ఎక్కువ.
ఒక తలుపు పక్కన, పిల్లాడి ఎత్తులో, మూడు.
కొన్నిటికి సిమెంటు మెత్తారు, రంగు కలవలేదు.
మూడో అంతస్తులో ఒకామె
ఆ గోడకే నడుమానించి దుప్పటి దులుపుతోంది.

రాత్రి కొండల మీద దీపాలు
తడిపిన మా గెలాక్సీ రాయిలా ఉన్నాయి.
అది మాత్రం ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

బజారులో కాలిబాట మీద
పువ్వులా చిట్లిన గుంట,
గుంట నిండా ఎర్ర రెజిన్.
గొంతుక్కూర్చుని గోటితో గీకి చూశాను.
మంచి సరుకే. మేం వాడే జాతే.
మేం నల్లరాయికి నల్లది కలిపి పోస్తాం,
పగులుండేదని రాయే మర్చిపోయేటట్టు.
"రంగు తప్పిందే," అన్నాను.
ఆమెకి నా ఇంగ్లీషు అర్థం కాలేదో,
అయ్యే ఊరుకుందో,
దాన్ని తొక్కకుండా పక్కగా నడిచింది.
నేనప్పటికే తొక్కి ఉన్నాను.

నాలుగోరోజు హోటల్లో పొద్దున ఎనిమిదిన్నర.
నా వాచీలో ఇంకా చీమకుర్తి, ఒంటిగంట.
బయట ఎవరో షట్టరు దడాల్న ఎత్తారు.
నా అరచెయ్యి కాఫీ కప్పు మీదికి పోయింది.
తలెత్తితే
ట్రే పట్టుకున్న ముసలి సర్వరు చెయ్యి కూడా
ఇంకో కప్పు మీద ఉంది.
ఇద్దరం కాసేపు అట్లాగే ఉన్నాం.
ఆయన ముందు తీశాడు.
నా సాసరులో ఇంకో చక్కెర బిళ్ళ పెట్టి పోయాడు.

యార్డులో యాస్నా పలక మీద నీళ్ళు పోసింది.
గాలికి ఆరింది అంతా,
ఒక మూల వెంట్రుకంత గీత తప్ప.
అది తడిగానే ఉంది.
విమానంలో మూడుసార్లు వల్లించుకున్న వాక్యం:
"ఇది రాయి సహజగుణం, పగులు కాదు."
చెప్పాను.
ఆమె రాసుకుంది.
పెన్ను నాకిచ్చింది.

"ఎట్టుండాది ఊరు?" అన్నాడు మాలకొండయ్య.
"చలి," అని టోపీ తిరిగిచ్చాను.

ఇవాళ షెడ్డులో కొత్త పలక.
మస్తాన్‌వలి నల్ల రెజిన్ కలిపి
డబ్బాతో నిలబడ్డాడు.
మగ్గుతో నీళ్ళు కుమ్మరించాను.
మీదున్న చుక్కలన్నీ ఒక్కసారి బతికినై.
"పోసేదా అన్నా? లోడు మూడింటికంట."
అప్పుడే సైరన్.
చెయ్యి తన పని తాను చేసుకుంది.
నేల దగ్గింది.
గ్లాసు మూసిన అరచేతికి ఆవిరి తగులుతుంటే
అంచుల నుంచి లోపలికి
నెమ్మదిగా తెల్లబడుతున్న రాయినే చూస్తున్నాను.

"ఆగు," అన్నాను. "ఆరనీ."